హంతకుడి పేరు తెలిశాక కూడా మళ్లీ చదివే నవలలు

డిటెక్టివ్ నవలకు ఆయుష్షు ఒక్కసారి చదివేంతవరకే అని చాలామంది అనుకుంటారు. హంతకుడెవరో తెలిసిపోయిన పుస్తకాన్ని మళ్లీ చేతిలోకి తీసుకునేవారు అరుదు. చదవడం అయిపోగానే ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఇచ్చేటప్పుడు చివరి పేజీలు ముందే తిప్పవద్దని ఒక హెచ్చరిక కూడా చేస్తారు. నా బీరువాలో మాత్రం ఒక అర నిండా అలాంటి పుస్తకాలే ఉన్నాయి. వాటిలో ఎవరు ఎవరిని చంపారో, ఎలా చంపారో నాకు కంఠతా వచ్చు. అయినా వీలు చిక్కినప్పుడల్లా ఏదో ఒకటి తీసి మొదటి పేజీ నుంచి చదువుతూనే ఉంటాను. అవన్నీ సైన్స్ ఫిక్షన్, అపరాధ పరిశోధన కలగలిసిన నవలలు. వాటిలో ఏవి చదవాలి, దేనితో మొదలుపెట్టాలి అని అడిగే స్నేహితులకు ఇన్నాళ్లూ విడివిడిగా చెబుతూ వచ్చిన మాటలను, ఆ పుస్తకాలతో ముడిపడిన జ్ఞాపకాలతో సహా ఒకచోట రాసిపెడదామనిపించింది. హంతకుల పేర్లు మాత్రం ఎక్కడా బయటపెట్టను.

నాకు పుస్తకాల పిచ్చి అంటించినది మా చిన్న మావయ్య. తమాషా ఏమిటంటే ఆయనకు సైన్స్ ఫిక్షన్ అంటే బొత్తిగా గిట్టేది కాదు. ఆయన చదివేవి అచ్చమైన డిటెక్టివ్ నవలలు. తాను చదవడం పూర్తికాగానే పరిశోధకుడు అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టే పేజీ ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి వెనక అట్ట దాకా ఒక రబ్బరు బ్యాండు బిగించి పుస్తకాన్ని నా చేతికిచ్చేవాడు. ఆ బ్యాండు తీయాలంటే హంతకుడెవరో ముందు ఆయనకు చెప్పాలి. ఊరికే పేరు చెబితే ఒప్పుకునేవాడు కాదు. "పేరుదేముందిరా, ఉన్నది ఆరుగురు, గుడ్డిగా చెప్పినా ఒకటి తగులుతుంది. ఏ పేజీలో దొరికిపోయాడో అది చెప్పు" అనేవాడు. దాంతో నాకు పుస్తకం చదివేటప్పుడు పక్కన పెన్సిలు, చిత్తుకాగితం పెట్టుకునే అలవాటు పట్టుబడింది. తలుపు గడియ లోపల వేసి ఉందా బయట వేసి ఉందా, కుక్క ఎప్పుడు మొరిగింది, ఎవరు ఎడమచేతి వాటం అన్నవి రాసుకుంటూ చదివేవాణ్ణి. తరువాతి రోజుల్లో సైన్స్ ఫిక్షన్ చదివినప్పుడు ఆ చిత్తుకాగితం మీద రాసుకునే విషయాలు పూర్తిగా మారిపోయాయి గాని అలవాటు మాత్రం పోలేదు.

సైన్స్ ఫిక్షన్‌లో అపరాధ పరిశోధన ఎందుకు కుదరదో మావయ్య ఒక్క మాటలో తేల్చేసేవాడు. "చచ్చినవాడి దగ్గరికి టైమ్ మెషీన్ వేసుకుని వెళ్లి, నిన్నెవరు చంపారయ్యా అని అడిగివస్తే సరిపోయె! ఇంక డిటెక్టివ్ దేనికిరా?" ఇది వేళాకోళంగా కొట్టిపారేయదగిన అభ్యంతరం కాదని నాకు చాలాకాలం తరువాత తెలిసింది. డిటెక్టివ్ కథలు రాసిన క్రైస్తవ మతగురువు రోనాల్డ్ నాక్స్ 1929లో ఆ ప్రక్రియకు పది నియమాలు రాసిపెట్టాడు. కథలో అతీంద్రియ శక్తులకు చోటు లేదనీ, అంతవరకూ ఎవరూ కనిపెట్టని విషాలను ప్రయోగించకూడదనీ, చివరలో పొడవాటి శాస్త్రీయ వివరణ అవసరమయ్యే యంత్రాన్ని వాడకూడదనీ ఆ నియమాల్లో ఉంది. వాటిని అక్షరాలా పాటిస్తే సైన్స్ ఫిక్షన్ రచయిత చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అటువైపు, 'అస్టౌండింగ్' పత్రికను నడిపి ఒక తరం సైన్స్ ఫిక్షన్ రచయితలను తీర్చిదిద్దిన సంపాదకుడు జాన్ క్యాంబెల్ కూడా ఈ రెండు ప్రక్రియలూ కలవవనే అనేవాడట. కథ చిక్కులో పడిన ప్రతిచోటా పరిశోధకుడు జేబులోంచి ఒక కొత్త పరికరం తీస్తే పాఠకుణ్ణి మోసం చేసినట్టేనని ఆయన వాదన.

ఆ వాదనకు సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ ఇచ్చిన జవాబే 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. 'గెలాక్సీ' పత్రిక సంపాదకుడు హోరెస్ గోల్డ్ ప్రోద్బలంతో రాసిన ఈ నవల 1953లో ఆ పత్రికలోనే ధారావాహికగా వచ్చి, 1954లో పుస్తకరూపం దాల్చింది. నా చేతికి వచ్చేసరికి దాని అట్ట ఊడిపోయి, మొదటి కాగితం మీద ఎవరిదో సంతకం సగం చెరిగి ఉంది. అది డిటెక్టివ్ నవల అని నాకు ముందుగా తెలియనే తెలియదు. రోబోల కథ కదా అని తెరిచాను. భూమ్మీది జనమంతా ఉక్కు కప్పుల కింద, ఎండా వానా తెలియని బ్రహ్మాండమైన నగరాల్లో బతుకుతూ ఉంటారు. ఒక్క న్యూయార్క్‌లోనే రెండు కోట్ల మంది. ఉద్యోగపు హోదాను బట్టి మనిషికి దక్కే సౌకర్యాలు నిర్ణయమవుతాయి, చివరికి గదిలో సొంతంగా ఒక వాష్‌బేసిన్ వాడుకోవడం కూడా హోదాతో వచ్చే హక్కే. పనులు రోబోల పాలవుతున్నాయన్న కసి నగరమంతా రగులుతూ ఉంటుంది. అలాంటి చోట, ఇతర గ్రహాల్లో స్థిరపడిన మానవుల ప్రతినిధి ఒకడు నగరం అంచునున్న తమ స్థావరంలో హత్యకు గురవుతాడు. పరిశోధనకు ఇలైజా బేలీ అనే పోలీసును నియమించి, అతనికి తోడుగా అచ్చం మనిషిలా కనిపించే ఆర్. డానీల్ ఒలివా అనే రోబోను ఇస్తారు.

ఇక్కడ అసిమోవ్ చేసిన పని ఎంత తెలివైనదో చూడండి. నగరంలోంచి ఆ స్థావరంలోకి వెళ్లే దారిలో కట్టుదిట్టమైన సోదా ఉంటుంది, ఆయుధంతో దాటడం అసాధ్యం. బయటి ఆరుబయలు గుండా వెళ్లవచ్చు గాని, తరతరాలుగా కప్పు కింద బతికిన నగరవాసికి ఒంటరిగా ఆకాశం కింద నడవడమంటే గుండె ఆగినంత పని. రోబోకు ఆకాశమంటే భయం లేదు, కాని రోబోలు పాటించి తీరవలసిన సూత్రాల్లో మొదటిది, మనిషికి హాని చేయకూడదన్నది, దాన్ని కట్టిపడేస్తుంది. వెళ్లగలిగినది చంపలేదు, చంపగలిగినవాడు వెళ్లలేడు. తలుపు లేదు, గడియ లేదు, అయినా ఇది మూసిన గదిలో జరిగిన హత్యే. గోడలేమో ఆ సమాజపు అలవాట్లు. వాటి గురించి రచయిత మొదటి అధ్యాయాల నుంచీ, కథకు రంగు పూస్తున్నట్టుగా, ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు. నేను రంగనుకుని దాటేసిన ప్రతి వాక్యమూ ఆధారమే. ఆ పుస్తకం చదివాకే నా చిత్తుకాగితం మీద తలుపులు, గడియలు పోయి, ఈ లోకంలో జనం దేనికి భయపడతారు, దేన్ని అసహ్యించుకుంటారు, చట్టం దేన్ని ఒప్పుకోదు అన్నవి చేరాయి. నేటికీ ఎవరైనా ఇలాంటి నవల మొదలుపెడుతున్నానంటే నేను చెప్పే సలహా అదొక్కటే: మనుషుల మీద కన్నా ముందు ఆ లోకపు నియమాల మీద కన్నేయండి.

ఆ పుస్తకానికి ఈసారి నేను రబ్బరు బ్యాండు వేసి మావయ్యకు ఇచ్చాను. ఆయన మొదట అట్టలేని ఆ పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, "రోబోలా?" అని మొహం చిట్లించాడు. తరువాత కొన్నాళ్లు దాని ఊసే ఎత్తలేదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, బ్యాండు తీయకుండానే పుస్తకాన్ని నా ముందు పెట్టి, హంతకుడి పేరూ, అతణ్ణి పట్టిచ్చిన పేజీ నంబరూ చెప్పి, "మోసం లేదురా ఇందులో" అన్నాడు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు లేదు. టైమ్ మెషీన్ మాట మళ్లీ ఎత్తకపోయినా సైన్స్ ఫిక్షన్ అంతటినీ ఆయన ఒప్పుకున్నాడని మాత్రం అనుకోకండి. అసిమోవ్‌కు ఒక్కడికే మినహాయింపు ఇచ్చాడు.

దానికి కొనసాగింపుగా 1957లో వచ్చిన 'ది నేకెడ్ సన్' నాకు ఇంకా ఇష్టం. సొలారియా అనే గ్రహం మీద మనుషులు 20,000 మందే, రోబోలు మాత్రం 20 కోట్లు. తలకు 10,000 రోబోలన్నమాట. ప్రతి మనిషీ కనుచూపు మేర విస్తరించిన ఎస్టేటులో ఒంటరిగా ఉంటాడు. ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే త్రిమితీయ బింబాల ద్వారానే. ఎదురుపడటం, ఒకే గదిలో ఒకే గాలి పీల్చడం వారికి పరమ అసహ్యం. భార్యాభర్తలు కూడా విధిలేక మాత్రమే కలుసుకుంటారు. అలాంటి చోట ఒక శాస్త్రవేత్తను ఎవరో తలపగలగొట్టి చంపారు. తల పగలగొట్టాలంటే దగ్గరికి రావాలి, దగ్గరికి రాగలిగినది భార్య ఒక్కతే, ఆయుధం మాత్రం ఎక్కడా లేదు. ఈ కథలో ఒక సన్నివేశం నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. హతుడి భార్య గ్లాడియాతో బేలీ మొదటిసారి మాట్లాడబోయినప్పుడు ఆమె అప్పుడే స్నానం ముగించి, ఒంటి మీద బట్టలు లేకుండానే బింబంగా ప్రత్యక్షమవుతుంది. బేలీ తత్తరపడి మొహం తిప్పుకుంటే, అతని ఇబ్బంది ఏమిటో ఆమెకు అర్థం కాదు. కనిపిస్తున్నది బింబమే కదా, మనిషి కాదు కదా అన్నది ఆమె లెక్క. మొదటిసారి చదివినప్పుడు అది నాకు సరదా ఘట్టం. రెండోసారి చదివితే, ఆ గ్రహంలో హత్య ఎలా సాధ్యమైందో తెలుసుకోవడానికి కావలసిన ఆలోచనాధోరణి అంతా అందులోనే ఉందని తెలిసింది. మనుషులు తెరల మీదే పలకరించుకోవడం మామూలైపోయిన ఈ రోజుల్లో ఆ నవల చదివేవారికి నా తరం వాళ్లకన్నా ఎక్కువే అందుతుందని నా నమ్మకం.

ఆల్ఫ్రెడ్ బెస్టర్ రాసిన 'ది డిమాలిష్డ్ మ్యాన్' దారి వేరు. సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డులను 1953లో మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు ఉత్తమ నవలగా నిలిచింది ఇదే. ఇందులో హంతకుడెవరో దాచలేదు. బెన్ రైక్ అనే వ్యాపారాధిపతి తన పోటీదారుణ్ణి చంపాలని మొదటి అధ్యాయంలోనే నిశ్చయించుకుంటాడు. చిక్కేమిటంటే అది మనసులు చదివేవాళ్లున్న లోకం. డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ ముందుగా పన్నిన హత్య ఒక్కటి కూడా నెగ్గలేదు, ఎందుకంటే మనసులో ఊహ పుట్టగానే ఎవరో ఒకరు పసిగడతారు. రైక్ ఏం చేస్తాడంటే, ప్రకటనలకు పాటలు కట్టే ఒక యువతి దగ్గరికి వెళ్లి, విన్నవాడి తలలోంచి ఎంతకూ వదలని ఒక పిచ్చి పాట అడిగి విని వస్తాడు. ఆ పాట మోత అతని ఆలోచనల మీద కప్పుకుపోయి, మనసు చదివేవాళ్లకు అదే వినిపిస్తుంది. ఈ ఉపాయం చదివినప్పుడు నేను పుస్తకం మూసి నవ్వుకున్నాను, ఆ తరువాత వారం రోజులపాటు ఆ పాట నా తలలోనూ తిరిగింది. అవతల పోలీసు అధికారి లింకన్ పవెల్ స్వయంగా మనసులు చదవగలవాడు. హంతకుడెవరో అతనికి తెలిసిపోతుంది కూడా. కాని మనసులో చదివినది సాక్ష్యంగా చెల్లదు కనుక, కారణం, పద్ధతి, అవకాశం మూడూ రుజువు చేయాలి. తెలిసిన నిజాన్ని రుజువు చేయలేక ఇద్దరు తెలివైనవాళ్ల మధ్య సాగే పోరు ఇది. దాని ముగింపులోని మనోవిశ్లేషణ ఇప్పటి పాఠకుడికి పాతబడినట్టు అనిపిస్తుంది, ఆడవాళ్ల పాత్రల సంగతి చెప్పనే అక్కరలేదు. అయినా ఆ వేగం, మనసుల సంభాషణను పేజీ మీద అక్షరాల అల్లికగా అచ్చువేసిన ఆ చిలిపితనం ఈనాటికీ వాడలేదు.

హాల్ క్లెమెంట్ 'నీడిల్' (1950) వీటికన్నా సాదాసీదా నవల, పిల్లలకు కూడా ఇవ్వవచ్చు. జీవుల శరీరంలో దూరి వాటితో సహజీవనం చేసే జిగురు పదార్థం లాంటి గ్రహాంతర పోలీసు ఒకడు, తన జాతి నేరస్థుణ్ణి వెంబడిస్తూ భూమ్మీద సముద్రంలో కూలి, ఒక కుర్రవాడి ఒంట్లో చేరతాడు. నేరస్థుడు కూడా ఎవరో ఒకరి ఒంట్లోనే దాక్కుని ఉన్నాడు. ఎవరి ఒంట్లో? అనుమానితులంతా అమాయకులే, వారిలో ఒకడు తనకు తెలియకుండానే దొంగను మోస్తున్నాడు. ఆ ఒక్క ఊహ కోసం చదవండి.

హత్యే లేని మిస్టరీ కావాలనేవారికి నేను ఎప్పుడూ చేతిలో పెట్టేది జేమ్స్ పి. హోగన్ తొలి నవల 'ఇన్‌హెరిట్ ద స్టార్స్' (1977). చంద్రుడి మీద ఎర్రటి అంతరిక్ష దుస్తుల్లో ఒక శవం దొరుకుతుంది. పరీక్షిస్తే అన్నివిధాలా మనిషే, కాని చనిపోయి 50,000 ఏళ్లయింది. అతనికి శాస్త్రవేత్తలు చార్లీ అని ముద్దుపేరు పెట్టుకుంటారు. ఇక నవలంతా ఆ చార్లీ ఎవరు, ఎక్కడివాడు అన్న వాదనే. అతడు భూమ్మీద పుట్టిన మనిషే అయితీరాలని జీవశాస్త్రవేత్త డాన్‌చెకర్ పట్టుబడతాడు, ఎందుకంటే రెండు గ్రహాల మీద పరిణామం ఒకే రూపానికి రావడం జరగని పని. అంతటి నాగరికత భూమ్మీద ఉండి ఉంటే ఒక్క ఆనవాలైనా మిగలదా అని అవతలివారి ప్రశ్న. రెండు పక్షాలదీ న్యాయమే, రెండూ ఒకేసారి నిజం కాలేవు. ఒక్కొక్క కొత్త ఆధారం దొరికినప్పుడల్లా అప్పటిదాకా పేర్చుకున్న సిద్ధాంతం కుప్పకూలుతుంది. పాత్రలు అట్టముక్కల్లా ఉంటాయి, సంభాషణలు సమావేశాల నివేదికల్లా సాగుతాయి, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కాలేజీ సెలవుల్లో ఈ పుస్తకాన్ని నేనూ, నాతో చదివే స్నేహితుడూ ఒకే ప్రతిని పంచుకుని, నేను పగలూ వాడు రాత్రీ చదివాం. మధ్యలో కలిసినప్పుడు ఎవరి సిద్ధాంతం వారు వినిపించుకుంటూ గొంతులు పోయేదాకా వాదించుకున్నాం. వాడు డాన్‌చెకర్ పక్షం. ఈ నవల ఇచ్చే ఆనందం అక్కడే ఉంది. పరిశోధకుడు అనుమానించేది ఏ ఒక్క మనిషినీ కాదు, మానవజాతి తన గురించి తాను చెప్పుకునే కథనే.

రష్యన్ సోదరులు అర్కాడీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీలు రాసిన 'ది డెడ్ మౌంటెనీర్స్ ఇన్' (1970) చూడటానికి అన్ని డిటెక్టివ్ నవలల్లాగే మొదలవుతుంది. మంచుకొండల్లో ఒక హోటల్, సెలవుకు వచ్చిన ఇన్‌స్పెక్టర్ గ్లెబ్‌స్కీ, ఒకరికొకరు పొంతనలేని అతిథులు, లేల్ అనే పెద్ద కుక్క. ఇంతలో మంచుచరియ విరిగిపడి దారి మూసుకుపోతుంది, లోపలి నుంచి గడియ వేసిన గదిలో మెడ తిరిగిన శవం కనిపిస్తుంది. మావయ్య మెచ్చే సరుకంతా ఇందులో ఉంది. ఆ తరువాత కథ పట్టే దారి మాత్రం ఆయన మెచ్చేది కాదు. దీన్ని డిటెక్టివ్ సాహిత్యానికి చదివిన అంత్యక్రియల మంత్రంగా రచయితలే పేర్కొన్నారు. పోలీసు బుద్ధితో, చట్టం ప్రకారం, అన్నీ సక్రమంగా చేసిన మనిషి చివరికి తాను చేసినది న్యాయమేనా అని తనను తాను నిలదీసుకోవలసి రావడం ఇందులోని అసలు కథ. వయసులో ఉండగా చదివినప్పుడు ముగింపు నాకు అన్యాయంగా తోచింది. ఉద్యోగంలో చేరి, నిబంధన ఒకటీ మనస్సాక్షి ఒకటీ చెప్పిన సందర్భాలు చూశాక మళ్లీ చదివితే, గ్లెబ్‌స్కీ మీద జాలి కలిగింది. అర మీది పుస్తకాల్లో నాతోపాటు వయసు పెరిగినది ఇదొక్కటే అనుకుంటాను.

పోలండ్ రచయిత స్తనిస్లావ్ లెమ్ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1959లో రాసిన 'ది ఇన్వెస్టిగేషన్'లో ఇంగ్లండులో శవాగారాల నుంచి శవాలు కదులుతూ, మాయమవుతూ ఉంటాయి. స్కాట్లండ్ యార్డ్ అధికారి గ్రెగరీ నేరస్థుడి కోసం వెతుకుతుంటే, ఒక గణాంక శాస్త్రవేత్త ఇది నేరమే కాదు, లెక్కలకు అందే ఒక సహజ పరిణామం అంటాడు. ఎవరిది ఒప్పో తేల్చకుండానే పుస్తకం ముగుస్తుంది. ఇది మావయ్యకు ఇచ్చి నేను బాగా చీవాట్లు తిన్నాను. "రబ్బరు బ్యాండు ఎక్కడ వేయమంటావురా దీనికి?" అని ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. 1976లో వచ్చిన 'ది చైన్ ఆఫ్ ఛాన్స్' ఆ లోటు తీరుస్తుంది. నేపుల్స్‌లో వరసగా జరిగిన వింత మరణాల గుట్టు తెలుసుకోవడానికి, ఒక మాజీ వ్యోమగామి చనిపోయినవాళ్లలో ఒకడు నడిచిన దారిలోనే, అతను బస చేసినచోటే బస చేస్తూ ప్రయాణిస్తాడు. దీనికి పక్కా సమాధానం ఉంది, ఆ సమాధానం చాలా భయపెడుతుంది కూడా. లెమ్‌ను చదవాలనుకునే డిటెక్టివ్ నవలల అభిమానులు దీనితో మొదలుపెట్టడం మంచిది. ఓపిక కుదిరాక మొదటిదాని జోలికి వెళ్లవచ్చు.

ఈ శతాబ్దంలో వచ్చినవాటి సంగతికి వస్తే, పోటీ లేకుండా మొదట నిలిచేది బ్రిటిష్ రచయిత చైనా మియెవిల్ రాసిన 'ది సిటీ అండ్ ద సిటీ' (2009). బెషెల్, ఉల్ కోమా అనే రెండు నగరాలు ఒకే నేల మీద, కొన్నిచోట్ల ఒకే వీధిలో, కలగలిసి ఉంటాయి. ఒక నగరవాసి రెండో నగరపు మనిషిని గాని, భవనాన్ని గాని, బండిని గాని చూడకూడదు. కంటబడినా చూడనట్టు ఉండటం చిన్నప్పటి నుంచీ నేర్పుతారు, తప్పితే బ్రీచ్ అనే అదృశ్య వ్యవస్థ పట్టుకుపోతుంది. ఒక నగరంలో హత్య చేసి శవాన్ని రెండో నగరంలో పారేస్తే దర్యాప్తు ఎలా సాగాలి? ఇన్‌స్పెక్టర్ బోర్లూ ఎదుర్కొనే చిక్కు అదే. ఇందులో యంత్రం లేదు, మంత్రం లేదు, ఉన్నదల్లా జనం అలవాటు చేసుకున్న గుడ్డితనమే. అసిమోవ్ ఉక్కు కప్పుల కింద చేసిన పనినే ఈయన ఏ కప్పూ లేకుండా చేశాడని చదువుతున్నంతసేపూ నాకనిపించింది. 2010లో హ్యూగో అవార్డును ఈ నవల ఇంకొక నవలతో కలిసి పంచుకుంది. మొదటి యాభై పేజీలు కాస్త తికమకగా ఉంటాయి, అక్కడ వదిలేయకండి.

రిచర్డ్ మోర్గన్ 'ఆల్టర్డ్ కార్బన్' (2002) ఊహ గొప్పది. మెడలో అమర్చిన చిన్న నిల్వలో మనిషి స్పృహ అంతా ఉంటుంది, శరీరం పోతే ఇంకొక శరీరంలో వేసుకోవచ్చు. 48 గంటలకొకసారి తన స్పృహకు నకలు తీయించుకునే ఒక కుబేరుడు తుపాకీ దెబ్బకు చనిపోయి, కొత్త శరీరంలో లేచి, ఆ చివరి రెండు రోజుల్లో తనకేం జరిగిందో కనుక్కోమని డిటెక్టివ్‌ను పెట్టుకుంటాడు. హతుడే ఫిర్యాదుదారు! పోలీసులేమో ఆత్మహత్య అంటారు. హింస మోతాదు మించి ఉంటుంది, నాకు కొన్ని అధ్యాయాలు దాటడమే కష్టమైంది, కనుక అందరికీ ఇవ్వను. అదే ఊహను మర్ లాఫర్టీ 'సిక్స్ వేక్స్' (2017)లో ఒక అంతరిక్ష నౌకకు పరిమితం చేసి మరింత బిగువుగా నడిపింది. ఆరుగురు సిబ్బంది కొత్త క్లోన్ శరీరాల్లో కళ్లు తెరిచేసరికి చుట్టూ తమ పాత శరీరాలే శవాలై ఉంటాయి, నడుమ గడిచిన సంవత్సరాల జ్ఞాపకం ఎవరికీ లేదు. హంతకుడు ఆ ఆరుగురిలోనే ఉన్నాడు, తానే హంతకుడినని అతనికీ తెలియదు. రైలు ప్రయాణంలో చదవడానికి దీన్ని మించినది లేదు. రాబర్ట్ సాయర్ 'గోల్డెన్ ఫ్లీస్' (1990)లో ఇంకో తమాషా ఉంది, కథ చెప్పే కంప్యూటరే హంతకి. ఇది నేను బయటపెడుతున్న రహస్యం కాదు, మొదటి అధ్యాయంలోనే అది ఒప్పుకుంటుంది.

చివరిగా బెన్ వింటర్స్ 'ది లాస్ట్ పోలీస్‌మన్' (2012). ఆరు నెలల్లో ఒక గ్రహశకలం భూమిని ఢీకొట్టబోతోంది, ఎవరూ ఆపలేరు. ఉద్యోగాలు మానేసేవాళ్లు మానేస్తున్నారు, ఆత్మహత్యలు నిత్యకృత్యమైపోయాయి. అలాంటప్పుడు ఉరికి వేలాడుతూ దొరికిన ఒక బీమా ఉద్యోగిది ఆత్మహత్య కాదు, హత్య అని హ్యాంక్ పాలెస్ అనే కుర్ర డిటెక్టివ్ ఒక్కడే నమ్ముతాడు. అతను పట్టుకునే మొదటి ఆధారం చాలా చిన్నది, మెడకు బిగించిన బెల్టు ఆ మనిషి వేసుకున్న మిగతా దుస్తులకు తగనంత ఖరీదైనది కావడం. అంతా పోతున్నప్పుడు దీనివల్ల ఏం లాభమని తోటి పోలీసులే నవ్వుతారు. ఈ నవలకు మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గార్ అవార్డు వచ్చింది. అప్పటికి మావయ్యకు చూపు బాగా తగ్గి సొంతంగా చదవలేని స్థితి. సాయంత్రాలు వెళ్లి చదివి వినిపించేవాణ్ణి. ఆ బెల్టు దగ్గర ఆయన "ఊఁ" అని ముందుకు వంగాడు. కొంతసేపటికి, "అందరూ పోయేవాళ్లే కదురా, ఎవడు చంపితే ఏమిటి? వీడికేం వెర్రి?" అన్నాడు. సరే ఆపేయమంటారా అని నేను పుస్తకం మూయబోతే, "ఆపమన్నానా? ఆ బెల్టు ఎవడిదో తేలాలా వద్దా?" అని కసిరాడు. ఆ నవల గురించి అంతకన్నా మంచి సమీక్ష నేను ఇంతవరకూ చదవలేదు.

ఇక వరసక్రమం. డిటెక్టివ్ నవలలు అలవాటై సైన్స్ ఫిక్షన్ కొత్త అయినవారు వింటర్స్‌తోనో, స్ట్రుగాట్‌స్కీలతోనో మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే అక్కడి లోకం చాలామటుకు మనకు తెలిసినదే. సైన్స్ ఫిక్షన్ అలవాటై డిటెక్టివ్ కథలు కొత్త అయినవారికి 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' సరైన ద్వారం. రెండూ చదివి చదివి విసుగెత్తినవారు నేరుగా మియెవిల్ దగ్గరికో, లెమ్ దగ్గరికో వెళ్లిపోవచ్చు. అసిమోవ్ మొదలుపెట్టినవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఇరవై ఆరేళ్ల విరామం తరువాత 1983లో ఆయన రాసిన మూడో బేలీ నవల 'ది రోబోట్స్ ఆఫ్ డాన్'లో హతుడి స్థానంలో ఉన్నది ఒక రోబో, దాన్ని అంత నేర్పుగా నిర్జీవం చేయగల మనిషి తానొక్కడినేనని చెప్పుకునే శాస్త్రవేత్త, ఆ పని మాత్రం తాను చేయలేదంటాడు. ఊరించే కథే గాని దాన్ని ముందు తెరవకండి. పాత కేసుల ప్రస్తావన అందులో తరచుగా వస్తుంది, సొలారియా కథ రుచి సగం అక్కడే పోతుంది.